తప్పు కళ్లముందు జరిగేదాకా

తాహిర్‌ది మదనపల్లెలో పట్టునూలు తీసే కుటుంబం. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిస్తూ బతికేవాడు. మంచి చురుకైనవాడు. ఏదన్నా చెడిందంటే తోచినచోటల్లా మార్చి, నడిచిందనిపించగానే బస్సెక్కేసేవాడు.

1998లో కుప్పంలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ల్యాబుకు రిపోర్టులు అచ్చువేసే ప్రోగ్రాము రాసిచ్చాడు. కొన్నాళ్లకు అక్కడ నారాయణ అనే రైతుకు ఆపరేషన్ పెట్టుకున్నారు. రిపోర్టులో ఒక రక్తం గ్రూపు ఉంది. ఎక్కించే ముందు అలవాటు ప్రకారం మళ్లీ పరీక్షిస్తే మరొకటి తేలింది. మనిషి ప్రాణం దక్కింది. నింద మాత్రం ల్యాబులో టైపు చేసే శాంతకుమారి మీద పడింది. డాక్టరు ఫోన్ చేస్తే, టైపింగులోనే పొరపాటు జరిగి ఉంటుందన్నాడు తాహిర్. ఆ మాట మీద ఆమెను పనిలోంచి తీసేశారు.

అయినా ఒకసారి వచ్చి చూడమన్నారు. తాహిర్ వచ్చి, ఎప్పటిలాగే నాలుగైదు చోట్ల మార్చి, నారాయణ ఒక్కడి పేరే కొట్టి చూశాడు. రిపోర్టు సరిగ్గానే వచ్చింది. వారం తిరక్కుండా మళ్లీ ఒకరి ఫలితం మరొకరి పేరు కింద అచ్చయింది. అప్పటికి శాంతకుమారి ల్యాబులో లేనే లేదు.

ఆ సంగతి తెలిశాక తాహిర్ కుప్పం బస్సెక్కాడు. నేరుగా ఆమె ఇంటికి వెళ్లాడు.

"ఆ పొద్దు సేసినట్టే ఇంకోసారి సెయ్యక్కా. నేనేమీ ముట్టుకోను, పక్కన కూర్చోని సూస్తా."

"ఈ మాట అప్పుడే యాల అడగలేదప్పా?" అందామె.

అయినా చెప్పులు తొడుక్కుని వెంట వచ్చింది.

ల్యాబులో తాహిర్ ముందు తాను చేసిన మార్పులన్నీ తీసేశాడు. నారాయణ పరీక్షకు వచ్చిన నాటి రోగుల పేర్లను, రిజిస్టరు చూసి, వచ్చిన వరుసలోనే ఆమె ఎక్కించింది. నారాయణ రిపోర్టు తప్పుగా వచ్చింది. తాహిర్ చేతులు కీబోర్డు మీదికి పోబోయి ఆగాయి. ఒక్కో పేరూ తీసేస్తూ, తీసినప్పుడల్లా మళ్లీ అచ్చువేయించాడు. చివరికి మిగిలింది ఇద్దరే: ముందు నారాయణస్వామి, తర్వాత నారాయణ. వాళ్ల వరుస మార్చి ఎక్కిస్తే తప్పు రాలేదు. కొట్టిన అక్షరాలతో మొదలయ్యే తొలి పేరు దొరకగానే ప్రోగ్రాము వెతకడం ఆపేసి, నారాయణకు నారాయణస్వామి ఫలితాన్ని అచ్చువేస్తోంది.

పేరుకు బదులు రోగి నంబరుతో వెతికేలా మార్చాడు. అదొక్కటే మార్చి, అవే పేర్లను అదే వరుసలో మళ్లీ ఎక్కించమన్నాడు. ఈసారి సరిగ్గా వచ్చింది. అలాంటి వెతుకులాటే ఆ ఆస్పత్రి మందుల విభాగానికి ఇచ్చిన ప్రోగ్రాములోనూ రాసినట్టు గుర్తొచ్చి, దాన్నీ సరిచేశాడు. తర్వాత ఆమెను వెంటబెట్టుకుని డాక్టరు గదికి వెళ్లి, తప్పు తనదేనని ఆమె ముందే చెప్పాడు.

శాంతకుమారిని మళ్లీ పనిలోకి తీసుకున్నారు. తాహిర్‌తో మాత్రం ఆమె అవసరానికి మించి ఎన్నడూ మాట్లాడలేదు.

2003 ప్రాంతంలో అతను పుంగనూరులో ప్రోగ్రామింగు నేర్పే సెంటరు పెట్టాడు. ప్రోగ్రాము పనిచేయలేదని పిల్లలెవరైనా వస్తే, అది తన కళ్లముందు చెడేదాకా ఒక్క అక్షరమూ మార్చనిచ్చేవాడు కాదు. ఆ నిదానంతో విసిగి కొందరు వేరే సెంటరుకు పోయారు. తాహిర్ వాళ్లను ఆపలేదు.