నీళ్లు పోయొద్దన్న డబ్బా

బడి ఇడిసినంక నా బస్సుకు గంట టైముంటది. పెద్దమందడి దిక్కుకెల్లి వచ్చే ఆ ఒక్క బస్సు తప్పితే ఆటో దొరికేదాక రోడ్డు మీద నిలబడాల్సిందే. పిల్లలు సంచులు తగిలిచ్చుకొని ఇండ్లకు ఉరుకుతరు. బడి ఒక్కసారే సప్పుడు లేకుంట అయితది. ఐదో తరగతి పిల్ల ఒకతి మాత్రం పోకుంట, గేటు కాడి బండ మీద నా పక్కన కూసుంటుండె. నాకు గదే పెద్ద ఆసరా. ఆ పిల్ల ఊరిడిసి పోవొద్దని నేను మొక్కని దేవుడు లేడు.

మాది ఒక్క టీచరున్న బడి. ఒకటి నుంచి ఐదు దాక అన్ని తరగతులకు నేనే, గంట కొట్టేది గూడ నేనే. మా ఆయన పోయినంక వనపర్తిల రూము తీసుకొని ఒక్కదాన్నే ఉంటున్న. పిల్లలు కాలే. అచ్చంపేట నుంచి మా అమ్మ ఫోన్ చేస్తే "మంచిగున్న, ఏం పరేషాన్ లేదు" అంట. గట్ల అనుడు అలవాటైపోయింది. పొద్దంత పిల్లలతోని ఒర్రుకుంట ఉంట గని, రూముకు పోతే నోరు తెరిచేతందుకు మనిషి ఉండడు. టీవీల వార్తలు చదివెటోనితోని కొట్లాడుత. నవ్వొస్తే నవ్వుండ్రి, నిజమే చెప్తున్న.

ఆ పిల్ల అమ్మనాయినలు దసరా కాంగనే చిన్న కొడుకును ఎత్తుకొని పుణె దిక్కు బిల్డింగుల పనికి పోతరు. పిల్ల అవ్వ కాడ ఉంటుండె. అవ్వ కూలి నుంచి వచ్చేసరికి పొద్దుగూకుతది. అందుకే ఇంటికి పోవాలని ఆ పిల్లకు తొందర ఉండకపోయేది, నాకు గూడ అంతే. మా దోస్తానా గట్ల కుదిరింది.

పిల్లలను ఆలోచింపజేయాలె, ప్రశ్నలు అడగనియ్యాలె అని మాకు ట్రైనింగుల చెప్పిండ్రు. చెప్పినాయన మాత్రం మమ్మల్ని ఒక్క ప్రశ్న అడగనియ్యలే. మా పిల్లల కథ ఇంకోతీరు. ఏమన్నా "అవును టీచర్" అంటరు. పొద్దు పడమట పొడుస్తది గద అంటే గూడ అవును టీచరే. కోపమొచ్చి ఒక రూలు పెట్టిన. ముందు కండ్లతోని చూసింది చెప్పాలె, మనసుల అనుకున్నది ఆ తర్వాత చెప్పాలె. చూడకుంట చెప్పినోళ్లను మళ్ల పోయి చూసి రమ్మంటుంటి.

దీపావళి దాటినంక రెండు రేకు డబ్బాలల్ల చిక్కుడు అసుంటి అనుముల గింజలు పెట్టిచ్చిన. రెండు మంచిగ మొలిచి ఆకులేసినయి. అప్పుడు ఒక డబ్బాకు కాగితం అతికిచ్చిన, "నీళ్లు పోయొద్దు" అని. రెండోదానికి దినాం పోయాలె. నీళ్లు లేకుంటే మొక్క ఏమైతదో పిల్లలు తమ కండ్లతోని చూడాలని నా తాపత్రయం. వారం దాటినా కాగితమున్న డబ్బాల మొక్క ఎండలే. పైగ రెండోదాని కంటే పచ్చగుంది.

ఎవరు పోసిండ్రని అడిగితే అందరు "తెల్వదు టీచర్" అన్నరు. నా కోపం సంగతి ఊరంత ఎరికే. ఇగ ఒర్రుదామని నోరు తెరిచి, ఆగిన. ఇది నాకు గూడ తెల్వని సంగతి. నా మొఖంల జవాబు ఎతుక్కుంటే వాళ్లకు దొరకది.

"సరే, ఎందుకు ఎండలేదో మీరే చెప్పుండ్రి" అన్న.

ఒకడు రాత్రి మంచు పడుతుందన్నడు. ఇంకొకతి వంటామె గిన్నెలు కడిగిన నీళ్లు చిందుతున్నయన్నది. ఎట్ల తెలుసుకుంటరని అడిగిన. జరసేపు గుసగుసలు పెట్టి, డబ్బాను వంట కాడికెల్లి తీసి వరండా రెండో కొసకు పెట్టిండ్రు. సాయంత్రం దాని మీద బకెట్టు బోర్లిచ్చిండ్రు. పొద్దుగాల బకెట్టు తీస్తే మన్ను తడిగనే ఉంది. మంచు గాదు, గిన్నెల నీళ్లు గాదు. మూడో తరగతి పిల్ల మన్నుల ఏలు గుచ్చి చూసింది. "పైన నీళ్లు ఇంకా ఇంకలే. ఇప్పుడిప్పుడే పోసిండ్రు టీచర్" అన్నది. మరి నాకంటే ముందు బడికి ఎవరొస్తరు? అందరి కండ్లు ఒక్క దిక్కే తిరిగినయి. బండ మీద నాతోని కూసునే పిల్ల దిక్కు.

ఆ పొద్దు ఒక్కరు గూడ "అవును టీచర్" అనలే. నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను. అయినా మొఖం గంటు పెట్టుకొనే అడిగిన, ఎందుకు పోసినవని.

"ఎండుతుంటే చూసుకుంట ఎట్ల ఊకుంటరు టీచర్?" అన్నది, తల వంచుకొని.

బోర్లు ఎండినప్పుడు మిరపనారుకు బిందెలతోని నీళ్లు మోసిన ఇండ్ల పిల్లలు వాళ్లు. పచ్చటి మొక్కను కావాలని ఎండబెట్టుమంటే వాళ్లతోని అయ్యే పనేనా? పుస్తకాలు రాసెటోళ్లకు ఈ సంగతి తట్టదు. నాకు గూడ తట్టలే.

మరి నీళ్ల సంగతి ఎట్ల తేలుతది అంటే, ఉపాయం గూడ ఆ పిల్లనే చెప్పింది. "ఇంకా మొలవని గింజలతోని చేద్దాం టీచర్. కొన్ని తడి గుడ్డల, కొన్ని పొడి గుడ్డల. పొడియి మొలవకున్నా సావయి గద, తర్వాత పెట్టుకోవచ్చు." గట్లనే చేసినం. ఆ సాయంత్రం బండ మీద కూసొని, ఈ పిల్లను మంచిగ సదివియ్యాలె అనుకున్న. నా బిడ్డ అయితే బాగుండునని గూడ అనుకున్న.

చలి ముదిరినప్పుడు అవ్వ చేను గట్టు మీద జారిపడి కాలు ఇరగ్గొట్టుకున్నది. దవాఖానకెల్లి పెద్దబిడ్డ ఆమెను నాగర్‌కర్నూల్‌కు తీస్కపోయింది. పిల్లను తమతోని తీస్కపోతందుకు అమ్మనాయినలు వచ్చిండ్రు. నేను ఉరుకుకుంట వాళ్లింటికి పోయిన. "నా రూముల ఉంచుకుంటనమ్మా. నాతోనే బడికొస్తది, నాతోనే పోతది" అని బతిమిలాడిన.

పిల్ల తల్లి చీరలు మూటగట్టుకుంటనే చెప్పింది. "నీ మనసు మంచిది టీచరమ్మా. గని నువ్వు తెచ్చుకున్న టిఫిన్ డబ్బల బువ్వ ఉన్నదున్నట్టే తిరిగి మోసుకపోతవంట గద. మా పిల్ల దినాం ఫోన్ల చెప్తది. నువ్వే తింటలేవు, పిల్లకేం పెడుతవ్?"

ఎత్తిపొడుపు గాదు, నా మీద జాలితోనే అన్నది. చూసింది చెప్పాలని ఆ పిల్లకు నేర్పింది నేనే గద.

పోయిండ్రు. ఆ తర్వాత బండ మీద నేనొక్కదాన్నే. గంట గంత పొడుగుంటదని అప్పటిదాక నాకు తెల్వలే. అనుముల తీగ వరండా కమ్మికి పాకింది. డబ్బా మీద "నీళ్లు పోయొద్దు" కాగితం అట్లనే ఉంది. దినాం పొద్దుగాల బడికి పోంగనే దానికి నీళ్లు పోస్తున్న. డబ్బల బువ్వ గూడ తినాలనే చూస్తున్న, మొత్తం అయితలేదు.

మొన్న ఒకనాడు బస్సు కోసం కూసుంటే తెల్వని నంబరు నుంచి ఫోనొచ్చింది. ఆ పిల్లనే, నాయిన ఫోన్‌కెల్లి. ఎనక కాంక్రీటు మిషిను తిరుగుతున్న సప్పుడు.

"బడికి పోతున్నవా?" అన్న.

"లేదు టీచర్. తమ్మున్ని చూస్కుంటున్న." మళ్ల తనే అడిగింది. "అనుముల తీగకు నీళ్లెవరు పోస్తుండ్రు?"

"నేనే."

"బస్సొచ్చేదాక నీ దగ్గర ఎవరు కూసుంటుండ్రు?"

"నాకేందే, మంచిగున్న, ఏం పరేషాన్ లేదు" అన్న, మా అమ్మకు చెప్పినట్టు.

"గట్ల గాదు టీచర్. చూసింది చెప్పు."

పక్కన బండ దిక్కు చూసిన. "ఎవ్వరు లేరే" అన్న. మా ఆయన పోయినంక నేను ఎవ్వరికీ ఆ మాట చెప్పలే.

"అయితే బస్సొచ్చేదాక ఫోన్ పెట్టను" అన్నది. ఇంతల పిల్ల నాయిన పిలిచినట్టున్నడు, ఫోన్ కట్టయింది. బస్సు ఇంకా రాలే.