పేలని పిస్టల్‌కి పెట్టిన స్ప్రింగు

హెలికాప్టర్ నన్ను మంచు మీద దింపి, ఇంజను ఆపకుండానే వెళ్లిపోయింది. తొంభైల చివర, ఉత్తర సరిహద్దులో ఓ ఎత్తయిన పోస్టు. చుట్టూ తెలుపు. మధ్యలో గుడిసె, కిరోసిన్ పొయ్యి. మాది నాగాయలంక. అప్పటిదాకా నాకు తెలిసిన చలి ధనుర్మాసంలో చెవులకు తువ్వాలు చుట్టుకునేంత. అక్కడ ఊపిరి మీసాలకే గడ్డకట్టేది.

నేను వైర్‌లెస్ ఆపరేటర్ని. సర్వీసు మొత్తమ్మీద శత్రువుకి ఎదురుగా నేను నొక్కింది మాట్లాడే బటనే.

ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్ గుడివాడవాడు, పనిలో మహా వాడి. ఊళ్లు దగ్గరని ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం. రిటైరయ్యాక గుడివాడలో కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు పెడతానని రోజూ చెప్పేవాడు. కొట్టుకి భార్య పేరు కూడా ఖాయం చేశాడు.

ఒక ఉదయం కెప్టెన్ సాబ్ పిస్టల్ ట్రిగ్గర్ నొక్కితే, అది వెనక్కి రాలేదు. లోపల స్ప్రింగు విరిగింది. మర్నాడే గస్తీ. నేను బేస్‌ని అడిగాను.

"వేరే పిస్టల్ పంపగలరా? ఓవర్."

"వాతావరణం బాగోలేదు. హెలికాప్టర్ రాదు. ఓవర్."

"పోనీలే, రైఫిళ్లున్నాయిగా," అన్నారు కెప్టెన్ సాబ్.

ఆర్మరర్ ఒప్పుకోలేదు. "స్ప్రింగు నా దగ్గరుంది సాబ్. గంటలో పని."

వెచ్చటి చోటుకి తెస్తే ఇనుము చెమర్చి, బయటికి తీయగానే ఆ తడి గడ్డకడుతుంది. అందుకే ఆయుధాలు బయటే ఉంచేవాళ్లం. అతను గుడిసె బయటే కూర్చున్నాడు. స్ప్రింగు సన్నం, గ్లౌజులకు చిక్కలేదు. కుడిచేతి గ్లౌజు తీసేశాడు.

"బావా, వేళ్లు జాగ్రత్త. ఇనుము పట్టుకుంటే వదలదు."

"ఏమవుద్ది? మీ నాగాయలంక రొయ్యల్ని ఐసులో పెట్టినట్టే. ఎక్స్‌పోర్టు క్వాలిటీ బావా!"

నవ్వాను. నవ్వడం మాని, ఆ చెయ్యి లాగి నా కోటులో దాచాల్సింది.

స్ప్రింగు కూర్చుంది. ట్రిగ్గర్ టక్కున వెనక్కొచ్చింది. అతని బొటనవేలు, చూపుడువేలు మాత్రం రాలేదు. గట్టిగా లాగాడు. వేళ్లొచ్చాయి. చర్మం ఇనుముకే ఉండిపోయింది.

"నొప్పేం లేదు బావా," అన్నాడు.

అక్కడ నొప్పి లేకపోవడమే భయపడాల్సిన సంగతి.

సాయంత్రానికి మంచుతుఫాను పట్టింది. గస్తీ రద్దయింది. హెలికాప్టర్ వచ్చేసరికి రెండు వేళ్లూ నల్లబడ్డాయి. కింద ఆసుపత్రిలో కణుపుల దాకా తీసేశారు. మేము కొండ దిగేదాకా ఆ పిస్టల్ ఒక్కసారీ పేలలేదు.

సర్వీసయ్యాక బందరు రైల్లో ఇంటికొస్తూ ముందు గుడివాడలో దిగాను. అతను ఓ రైసుమిల్లు గేటు దగ్గర ఖాకీ బట్టల్లో ఉన్నాడు. నన్ను చూసి సెల్యూట్ కొట్టాడు.

"కొట్టు పెట్టలేదా బావా?"

"సూదిలో దారం ఎక్కించలేనోడి దగ్గరికి మిషనెవరు తెస్తారు బావా? సెల్యూట్‌కైతే మూడు వేళ్లు చాలు."

టీ తాగాం. గ్లాసు ఎడమచేత్తో పట్టుకున్నాడు.

ఇప్పటికీ మా ఇంట్లో రొయ్యలు ఒలవడానికి కూర్చుంటే నేను వీధిలోకి వెళ్లిపోతాను. పని తప్పించుకుంటున్నానని మా ఆవిడ అనుకుంటుంది. ఆ రోజు ట్రిగ్గర్ మీద మిగిలింది అచ్చం రొయ్య పొట్టులా ఉంది. పల్చగా, తెల్లగా. దాని మీద వేలిముద్ర గీతలు.