చింతపండుతో తోమిన తోటాలు

మొన్న ఏలూరులో మా బాబాయి డెబ్భయ్యో పుట్టినరోజు చేశారు. ఫంక్షన్ హాలు గుమ్మం పక్కన ఒక బల్ల మీద ఎర్ర వెల్వెట్ గుడ్డ పరిచి, మా ఇంటి పాత ఇత్తడి తుపాకీ తోటాలను వరసగా నిలబెట్టి, వాటి వెనక బాబాయి కుర్రతనపు ఫోటో పెట్టారు. భుజాన తుపాకీ, చేతిలో పరజ పిట్టల గుత్తి. వచ్చినవాళ్లంతా ఆ బల్ల ముందు నిలబడి సెల్‌ఫోన్లలో ఫోటోలు దిగుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకు మండిందో చెప్పాలంటే, స్టీలు గిన్నెలు రాకముందు బూడిదా చింతపండూ పట్టి చేతులు పాడుచేసుకున్న నా ఈడు ఆడవాళ్లకే చెప్పాలి. తక్కినవాళ్లకు అదొక వేట కథ, అంతే.

మాది పెదపాడు అవతల కొల్లేటి వైపు ఊరు. నాన్న బడిపంతులు. తాతయ్య నుంచి ఆయనకు ఒక తుపాకీ వచ్చింది. లైసెన్సు నాన్నది, సరదా బాబాయిది. అప్పట్లో పిట్టలను కొట్టడం మీద ఇప్పుడున్నంత అదుపు లేదు. క్రిస్మస్‌కు పరజల కూర వండని ఇల్లు మా పేటలో తక్కువ. ఆ రోజుల్లో తోటా అంటే ఒకసారి పేల్చి పారేసేది కాదు. పేలాక మిగిలిన ఇత్తడి గొట్టాన్ని జాగ్రత్తగా ఏరి తెచ్చుకుని, శుభ్రం చేసి, మళ్లీ మందూ గుళ్లూ కూరి వాడుకునేవారు. కూరే పని నాన్నది, కాల్చే గొప్ప బాబాయిది. వాటికి పట్టిన మసీ కొల్లేటి బురదా వదిలించి, ఏది మళ్లీ పనికొస్తుందో ఏది రాదో తేల్చే పని మా అమ్మది.

తాడేపల్లిగూడెంలో పుట్టి పెరిగిన ఆవిడకు పెళ్లికి ముందు తుపాకీ సంగతి తెలియదు గాని ఇత్తడి సంగతి బాగా తెలుసు. వేణ్ణీళ్లలో చింతపండు పిసికి, ఆ గొట్టాలను అందులో నానేసి, పుల్లకు కొబ్బరిపీచు చుట్టి లోపలంతా తిప్పి తోమి, మంచినీళ్లలో జాడించి, చేటలో బోర్లించి ఎండబెట్టేది. అసలు పని ఎండిన తరవాత. ఒక్కొక్కదాన్నీ వెలుగుకెత్తి లోపలికి చూసేది. మూతి చుట్టూ దూదిపింజ తిప్పేది, కంటికి ఆనని పగులున్నా పోగు అక్కడ పట్టుకుంటుందని. తరవాత సంతలో కుండ కొనేటప్పుడు చూసినట్టు గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేది. ఖంగుమంటే సరే, బొంగురుగా పలికితే పక్కకే. అడుగున మందు అంటించే టోపీ కూర్చునే చోటు వదులైనా పక్కకే. నాన్న అరుగు మీదనుంచి "ఏమోయ్, తేలిందా?" అని అడిగి, ఆవిడ ఊఁ అనేదాకా మందుడబ్బా మూత తీసేవారు కాదు. ఆ ఇంట్లో అమ్మ మాట కోసం మగవాళ్లు ఆగిన చోటు అదొక్కటే.

పక్కన పెట్టినవాటిని పారేసేది కాదు. ఇత్తడి ఎంత పగిలినా పారేయడం మా వైపు లేదు. చిల్లుపడ్డ చెంబూ, కాడ విరిగిన గరిటే ఒక డబ్బాలో దాచి, పాత ఇత్తడి తీసుకుని కొత్త గిన్నెలిచ్చే ఆయన సైకిలు మీద వచ్చినప్పుడు వేసేవాళ్లం. వేసేముందు వాటినీ తోమాల్సిందే. మసిపట్టిన సామాను గుమ్మం దాటితే ఇంటి పరువు పోతుందని మా నాయనమ్మ శాసనం. అందుకని అమ్మ ఆ పగుళ్ల తోటాలను కూడా తళతళలాడేలా తోమాకే డబ్బాలో వేసేది.

ఒక క్రిస్మస్ ముందు నాన్న కూరి ఉంచినవి అయిపోయాయి. ఆయన బడికి వెళ్లారు, అమ్మ చెరువుకు నీళ్లకు వెళ్లింది. స్నేహితులు దోనె సిద్ధం చేసి పిలుస్తున్నారు, బాబాయికి కాలు నిలవలేదు. వంటింట్లోకొచ్చి, ఆ గిన్నెలాయన డబ్బా లాగి, మెరుస్తున్న తోటాలు ఏరుకున్నాడు. అక్కడే పీట మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్న నేను, అవి పగిలినవి బాబాయ్, అమ్మ తీసేసినవి అన్నాను.

"నీకేం తెలుసే బుడంకాయ్! అద్దంలా ఉంటేనూ!" అని తనే మందు కూరుకుని పోయాడు.

సాయంత్రం బాబాయిని చేతికి తువ్వాలు చుట్టి తీసుకొచ్చారు. తోటా తుపాకీలోనే చీలి పేలి, ఎడమచేతి రెండు వేళ్లు సగానికి పోయాయి. నాయనమ్మ వాకిట్లోనే అమ్మను పట్టుకుని, "చేతకాకపోతే చేతకాదని చెప్పకూడదటమ్మా? నా కొడుకు చెయ్యి తీశావు గదా!" అంది. నేను చెప్పబోతే నెత్తిన మొట్టికాయ పడింది. అవి తను తీసేసినవని అమ్మ రెండుసార్లు చెప్పింది, ఎవరూ వినలేదు. బాబాయి మంచం మీద మూలిగాడే తప్ప నోరు విప్పలేదు. నాన్న అమ్మను తిట్టలేదు, అరవలేదు. మర్నాటినుంచి తోటాలు తోమే పని తనే చేసుకున్నారు, అంతే. తిడితే అమ్మ ఏదో ఒక జవాబు చెప్పేది. అంత మర్యాదగా నేరం మోపడం మా గోదావరి వైపు వాళ్లకే చేతనవును.

వేళ్లు మానాక బాబాయి దాన్నొక హాస్యం చేసుకున్నాడు. పెళ్లిలో, చర్చి ప్రతిష్ఠలో, నలుగురు చేరితే చాలు, చెయ్యి ఎత్తి చూపించేవాడు. "మా వదిన చింతపండు ఎక్కువేసిందండీ, తోటా కాస్తా పులుసై పేలింది!" జనం నవ్వేవారు. అమ్మా నవ్వేది, నాకు అదే ఎక్కువ మండేది.

మొన్న కూడా పాస్టరు గారు ప్రార్థన ముగించి, కేకు కోయించాక, బాబాయి మైకందుకుని ఆ పులుసే మళ్లీ పోశాడు. ముందు వరసలో అమ్మ ఉంది. నేను లేచాను. అమ్మ నా కొంగు లాగి, "కూర్చోవే, పెద్దాయన పండగ" అంది.

"పెద్దాయనయ్యేదాకా ఆగాను కదమ్మా!" అన్నాను. నా గొంతుకు మైకక్కర్లేదు. "బాబాయ్, ఆ తోటాలు ఏ డబ్బాలోంచి తీశారో కూడా చెప్పండి. నేను వద్దన్నానో లేదో అదీ చెప్పండి."

పిన్ని కంగారుపడి "ఏవిటమ్మా ఇప్పుడిది?" అంది. బాబాయి తల గోక్కుని నవ్వేశాడు. "అవునే తల్లీ, గిన్నెలాయన డబ్బాలోవే. మెరుస్తుంటే మంచివే అనుకున్నా. అప్పుడు చెబితే అన్నయ్య చంపేసేవాడు కదే!"

మళ్లీ నవ్వులు. ఎంత నిజాయితీ అండీ ఈయనది అని వెనకెవరో మెచ్చుకున్నారు కూడా. అందరూ భోజనాలకు లేచారు. మా అమ్మ బతుకంతా మోసిన మాట బిర్యానీ చల్లారేలోపు తేలిపోయింది. ఇంత తేలికైన మాటే అయితే ఇన్నేళ్లు ఎందుకు దాచినట్టు? నేను తిండి ముట్టలేదు. ఆటో పిలిచి అమ్మను ఎక్కించాను.

దారి పొడుగునా చేపల చెరువులు, ఆకివీడు వైపు పోయే లారీలు. నేను పుట్టినప్పుడు ఉన్న నీళ్లు వేరు, ఇవి వేరు. పిట్టను కొడితే ఇప్పుడు కేసు, మంచిదే. ఇళ్లలో ఇత్తడి లేదు, తోమే చేతులకు నొప్పీ లేదు. అమ్మ నన్ను తిడుతుందేమో అనుకున్నాను. పెదపాడు దాటాక బయటికి చూస్తూనే అంది:

"మీ నాన్న తోమితే లోపల మసి వదిలేది కాదే. ఏళ్ల తరబడి చూశాను. చూసి కూడా ఊరుకున్నాను."

అది కోపమని నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నాది అరిచే కోపం, ఆవిడది చూసి ఊరుకునే కోపం. నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆవిడను నమ్మారో లేదో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఇప్పుడు మా ఇళ్లలో ఆడవాళ్లెవరూ అలా ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. కానీ ఆవిడ మాట నెగ్గిన రోజున, వినవలసిన ఆ ఒక్క మనిషీ అరుగు మీద లేడు.