కుడి భుజం మీద నల్లదారం

శుక్రవారం పొద్దున షాపు తెరిచి మిషనుకు నూనె వేస్తుంటే ఫోను మోగింది. ఖమ్మం ఖానాపురం హవేలి నుంచి మా డ్రిల్లు సారు చెల్లెలు. "అన్నయ్య పొద్దుగాల పోయిండు. చాయ్ పెట్టమన్నడు. నేను తెచ్చేసరికి కుర్చీల అట్లనే ఉన్నడు" అన్నది. చేతిలో నూనెడబ్బా వంగి పక్కనున్న తెల్ల యూనిఫాం బట్ట మీద కారిపోతున్నదని చాలాసేపటికి గాని చూసుకోలేదు.

అంతకు నాలుగు రోజుల ముందే మా అమ్మాయి రూతుకు డ్రిల్లు టీచరుగా ఆర్డరు వచ్చింది. పెనుబల్లి వైపు హైస్కూలు. నా సంతోషం మీకు ఎట్లా చెప్పను. ఆ కాగితం జేబులో పెట్టుకుని దుమ్ముగూడెం బజారంతా తిరిగాను. చదవడం రానివాళ్లకు కూడా తెరిచి చూపించాను. బుధవారం రాత్రి చర్చిలో పాస్టరుగారు ప్రార్థన ముగించకముందే లేచి సాక్ష్యం చెప్పాను, అందరూ నవ్వారు. లడ్డూలు పంచి, సారుకని ఒక పెట్టె విడిగా కట్టించి అల్మారాలో పెట్టాను. ఆదివారం తండ్రీబిడ్డలం ఖమ్మం పోయి ఆయన చేతిలో పెట్టాలని. ఆదివారం రాకముందే ఆయన వెళ్లిపోయారు.

నేను ఏడో తరగతి దాకా చదివిన మనిషిని. నాకు తెలిసింది కుట్టుపని, రాతపని కాదు. అయినా సారు గురించి నేనే రాయాలి. ఆయన పేరుకు ఒక మచ్చ అంటింది. అది నా చేతి మీదుగానే అంటింది.

సారు మా ఊరికి బదిలీ మీద వచ్చింది వానాకాలంలో. సికింద్రాబాద్ వైపు మనిషి, పెళ్లి చేసుకోలేదు. నా షాపు వెనక గది కిరాయికి తీసుకున్నారు. ఒక పరుపుచుట్ట, ఒక స్టవ్వు, ఒక ఇనుప ట్రంకుపెట్టె, అంతే సామాను. ఆటోలోంచి పెట్టె దించుతుంటే నేను చెయ్యి వేశాను. "మెల్లగ అన్నా, లోపల మనుషులున్నరు" అన్నారు. నేను నిజంగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

లోపల ఉన్నవి జెర్సీలు. ఫుట్‌బాల్ ఆటగాళ్లు మైదానంలో వేసుకుని ఆడిన చొక్కాలు. చొక్కా చొక్కాకు మధ్య వేపాకు, ఒక్కోదాని మడతలో ఒక పోస్టుకార్డు. ఎవరిది, ఏ ఆటలో వేసుకున్నారు, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఎక్కడ చిరిగింది, అన్నీ ఆ కార్డు మీద చిన్న అక్షరాలతో ఉండేవి. చొక్కాకు ఏం జరిగినా, చివరికి ఎలుక కొరికినా, కార్డు మీద ఒక మాట చేరేది.

మా ఇంటామె ఊరుకోదు కదా. "మంది బంగారం దాచుకుంటరు. మీరేంది సార్, చెమట బట్టలు దాచుకుంటున్నరు" అని అడిగేసింది.

"బంగారం ఎవరేసుకున్నా బంగారమే గదమ్మా. ఇది ఒక్క మనిషి ఏసుకుంటెనే ఇది" అన్నారు సారు.

ఆదివారం ఆదివారం బస్సెక్కి భద్రాచలంలో నెట్ సెంటరుకు పోయేవారు. ఇట్లా జెర్సీలు దాచుకునేవాళ్లు కలకత్తాలో, గోవాలో, కేరళలో ఉన్నారట. అందరూ ఇంటర్నెట్‌లో ఒక గుంపుగా కలిసి ఉత్తరాలు రాసుకునేవారు. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. మాట మీద నమ్మకం, అంతే. ఆ గుంపుకు పెద్ద బాధ నకిలీ జెర్సీలు. కొత్త బట్ట కొని పాత పద్ధతిలో కుట్టించి, చాయ్ నీళ్లలో నానబెట్టి, బండ మీద రుద్ది, ఫలానా ఆటగాడు వేసుకున్నదని నెట్‌లో అమ్మకానికి పెట్టేవాళ్లు ఎక్కువైపోయారు.

ఒకసారి సారు కూడా అట్లాంటిది ఒకటి తెప్పించుకున్నారు. పార్శిలు విప్పి నా మిషను బల్ల మీద పరిచారు. నేను లోపలికి తిప్పి చూశాను.

"చెమట అయితే మెడపట్టీ కింద పడతది, చంకల పడతది సార్. ఇది ఈపంత ఒక్కతీరుగ ఉన్నది. ఇది చెమట కాదు, చాయ్" అన్నాను.

సారు ఆ చొక్కా ముక్కుకు పెట్టుకుని, "చక్కెర ఏసిన్రా లేదా, గది సుత చెప్పు డాక్టర్" అన్నారు.

అప్పటినుంచి నేను డాక్టర్‌ని. గుంపులో ఎవరికి అనుమానం వచ్చినా ఫోటోలు సారుకు పంపేవారు, సారు నాకు చూపించేవారు. నేను కుట్టు చూసి, దారం చూసి చెప్పిన సంగతి సారు ఇంగ్లీషులో రాసేవారు. ఆయన మాటకు అక్కడ ఎంత విలువ అంటే, ఆయన కాదన్న జెర్సీని ఎవరూ కొనేవారు కాదు. "బట్ట పైకి అబద్ధం చెప్తదన్నా. లోపలికి తిప్పితే చెప్పలేదు" అనేవారు. ఆ మాట నేను వచ్చే పోయే గిరాకీలందరికీ చెప్పేవాణ్ని.

ఆ పెట్టెలో ఒక పసుపు జెర్సీ ఉండేది. హైదరాబాద్‌లో సారుకు ఆట నేర్పిన గోల్‌కీపరుది. కలకత్తాలో ఒక ఫైనల్లో ఆయన గోలుకంబానికి తగిలి పడితే కుడి భుజం దగ్గర చొక్కా చీలింది. జట్టుకు మాలిష్ చేసే మనిషి ఆట సగంలో దబ్బనం తీసుకుని, బూట్లు కుట్టే నల్లదారంతో గబగబా కుట్టి మైదానంలోకి తోలాడు. ఆ రోజు ఆయన ఒక్క గోలు కూడా పోనివ్వలేదు. సారు ఉద్యోగానికి బయల్దేరేటప్పుడు ఆ గోల్‌కీపరే చొక్కా తీసి సారు చేతిలో పెట్టాడట. సారు దాన్ని మాకు ఒక్కసారే చూపించారు. నా కన్ను మాత్రం ఆ నల్లకుట్ల మీదే పడింది. తొమ్మిది కుట్లు, ఒకటి పైకి ఒకటి కిందికి, కోడి గీరినట్టు. వంకర కుట్టు కనపడితే నా వేళ్లు ఆగవు. పెళ్లిలో పక్కన కూర్చున్నవాడి కాలరు సరిగ్గా లేకపోయినా నాకు అన్నం సయించదు.

వాలీబాల్, కబడ్డీ ఆడే మా ఊళ్లో సారు ఆడపిల్లల చేత ఫుట్‌బాల్ ఆడించారు. మా రూతును గోలులో నిలబెట్టారు. "బంతి నీ మీదికి రాదు బిడ్డా. నువ్వే దాని మీదికి పోవాలె" అని రోజూ చెప్పేవారు. మోచేతులు గీరుకుపోయి ఇంటికి వస్తే మా ఇంటామె సారును తిట్టేది, మళ్లీ ఆయనకే పప్పుగిన్నె పంపేది.

రూతు పదో తరగతిలో ఉండగా సారు పిల్లల్ని తీసుకుని పది రోజులు హైదరాబాద్ పోటీలకు పోయారు. గోదావరి నిండుగా ఉంది, గదిలో గోడలు చెమ్మగిల్లాయి. తాళం నాకిచ్చి, "ఎండ పొడిస్తే పెట్టె మూత తెరువు అన్నా, గాలి తాకనియ్యి. చెయ్యి మాత్రం పెట్టకు. నీ చెయ్యి ఊకుండదు" అని నవ్వారు.

ఎనిమిదో రోజు పక్క ఎస్టీడీ బూత్‌కు ఫోను వచ్చింది. "టైలరన్నా, నీ బిడ్డ స్టేట్ టీమ్ల పడ్డది" అన్నారు సారు. నేను బూత్‌లోనే ఏడ్చాను. సారుకు నేనేమివ్వగలను? నా దగ్గర ఉన్నది చేతిపని ఒక్కటే. ఆ మధ్యాహ్నం ఎండ పొడిచింది. పెట్టె తెరిచాను. పసుపు జెర్సీ తీశాను.

కుంకుడు రసంలో నానబెట్టి నలభై ఏళ్లనాటి బురద మరక వదిలించాను. నల్లకుట్లు ఒక్కొక్కటి బ్లేడుతో తెంపాను. అదే రంగు నూలు వెతికి, చీలిక రెండు అంచులనూ పోగుకు పోగు కలిపి రఫూ చేశాను. రెండు రోజులు వేరే పని ముట్టలేదు. నా జన్మలో అంత మంచి పని చేయలేదు. తీసిన నల్లదారం ముక్కలు గుండీల డబ్బాలో వేశాను, సారుకు చూపించి మాలిష్ మనిషి కుట్టును వెక్కిరిద్దామని.

సారు వచ్చారు. నేనే పెట్టె తెరిచి చూపించాను. ఆయన జెర్సీని చేతుల్లోకి తీసుకుని లోపలికి తిప్పారు. బొటనవేలుతో భుజం మీద మెల్లగా తడిమారు.

"ఏడ చినిగిందో నాకే దొరుకుతలేదు" అన్నారు చివరికి.

నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. బస్టాండులో నలుగురికీ చెప్పుకున్నాను.

కొన్ని నెలలకు సారు భద్రాచలం పోవడం మానేశారు. ఏంది సార్ అంటే, "ఆ తెర చూస్తే కండ్లు మండుతున్నయ్ అన్నా" అన్నారు. ఫోటోలు చూపించడం ఆగిపోయింది. నన్ను డాక్టర్ అని పిలవడం మాత్రం మానలేదు.

అసలు సంగతి మూడేళ్లకు తెలిసింది. రూతు డ్రిల్లు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టుకునేటప్పుడు, తన ఆటల సర్టిఫికెట్లు సారు మెయిల్‌లో దాచి ఉంటే, ఆయన పాస్‌వర్డ్ ఇచ్చి తీసుకోమన్నారు. అక్కడ పాత ఉత్తరాలు కనపడ్డాయి. రూతు ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని, "నాన్నా, నువ్వు ఆ పసుపు జెర్సీకి కుట్లు తీసినవ్ గదా" అని మొదలుపెట్టింది.

ఎవడో నెట్‌లో అదే గోల్‌కీపరు జెర్సీ అని ఒక నకిలీ పెట్టాడు. సారు వెంటనే, అది నకిలీ, అసలుది నా దగ్గరుంది అని రాశారు. ఏదీ చూపించమన్నారు వాళ్లు. సారు ఫోటో తీయించి పంపారు. గుంపులో పెద్దగా ఉండే కలకత్తా ఆయన ఒకరి దగ్గర ఆ ఫైనల్ నాటి పేపరు ముక్క ఉంది. అందులో కుడి భుజం మీద నల్లకుట్లు స్పష్టంగా కనపడుతున్నాయి. నకిలీవాడు ఆ బొమ్మ చూసి నల్లకుట్లు వేయించాడు. సారు పంపిన అసలు జెర్సీ మీద ఒక్క కుట్టు లేదు. మరి కుట్లేవని వాళ్లు అడిగారు. సారు రాసిన జవాబు ఒక్కటే: "నేనే తీయించాను."

జెర్సీలు దాచుకునే మనిషి ఎవడూ అట్లాంటి పని చేయించడని, చేయించానంటున్నాడంటే వట్టి అబద్ధమని వాళ్లు తేల్చారు. ఇన్నాళ్లూ మన జెర్సీలకు తీర్పు చెప్పింది ఇతనా అని నవ్వుకున్నారు. గుంపులోంచి పేరు తీసేశారు. నకిలీది అసలుదిగా అమ్ముడుపోయింది.

నేను గుండీల డబ్బా పట్టుకుని వెనక గదికి పరుగెత్తాను. సారు బియ్యం కడుగుతున్నారు.

"నా పేరెందుకు చెప్పలే సార్? దారం నా తాన్నే ఉన్నది. నేనే తీసిన అని కాగితం రాసిస్త, పంపుండ్రి."

"నువ్వు బాగ కుట్టినవ్ అన్నా. గదే చిక్కొచ్చింది."

"నవ్వులాట కాదు సార్."

"మరేం రాయాలె? మా టైలరు పని చెడగొట్టిండు అని రాయాల్నా? నువ్వు చెడగొట్టలే. గట్ల నేను రాయ. పో, చాయ్ చెప్పు."

నేను పోయి చాయ్ చెప్పాను.

ఇదీ నన్ను తినేసేది. కుట్లు తీసింది తెలియక. దానికి దేవుడు నన్ను క్షమిస్తాడు. కానీ ఆ రోజు సారు వద్దనగానే నా గుండె తేలికపడింది. హమ్మయ్య అనుకున్నాను. నలుగురిలో నా పని తప్పని రాసుకునే అవసరం తప్పిందని. ఆయన వద్దన్నా నేను కాగితం రాసి రూతు చేత పంపించి ఉండొచ్చు. తర్వాత నాలుగేళ్లు ఆయన నా గోడకు అవతలే ఉన్నారు. రంజాను కుట్టుపని అయ్యాక రాద్దాం, క్రిస్మస్ కుట్టుపని అయ్యాక రాద్దాం అనుకున్నాను. సారు రిటైరై నిరుడు ఖమ్మంలో చెల్లెలింటికి వెళ్లేటప్పుడు కూడా పెట్టె ఆటోలోకి ఎక్కించాను గాని, ఆ మాట ఎత్తలేదు.

ఖమ్మంలో సారును మట్టిలో పెట్టి వచ్చాక ఆయన చెల్లెలు ఆ ట్రంకుపెట్టెను రూతు ముందు పెట్టింది. "నీకే ఇయ్యమన్నడమ్మా, ఎన్నిసార్లు చెప్పిండో" అన్నది. రూతు లడ్డూపెట్టె తెచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ట్రంకు మూత మీదే పెట్టింది.

పసుపు జెర్సీ అడుగున ఉంది. దాని మడతలో పోస్టుకార్డు. ఫైనల్ సంగతి, దబ్బనం సంగతి, నల్లదారం సంగతి, అన్నిటి కింద సారు చేతిరాతలో ఒక వాక్యం: "రూతు రాష్ట్ర జట్టుకు ఎంపికైన సందర్భంగా, దుమ్ముగూడెంలో వాళ్ల నాన్న కుడి భుజం రఫూ చేశాడు. చాలా మంచి పని." నేను చేసిన పనిని ఆయన ఆ చొక్కా చరిత్రలో కలుపుకున్నారు. ఆయన గురించి రాయవలసిన ఒక్క వాక్యం నేను రాయలేదు.

ఇప్పుడు రాస్తున్నాను. ఆ జెర్సీ అసలుది. నల్లకుట్లు తీసింది నేను, సారుకు చెప్పకుండా తీశాను. మా సారు అబద్ధం ఆడే మనిషి కాదు, ఆడింది ఒక్కటే, "నేనే తీయించాను" అని. అది నాకోసం. దీన్ని రూతు ఇంగ్లీషులోకి మార్చి ఆ కలకత్తా ఆయనకు పంపుతానన్నది. వాళ్లు నమ్మినా, సారు ఆ జవాబు చదవరు.

ఇంటికి వచ్చిన మర్నాడు రూతు గుండీల డబ్బా నా ముందు పెట్టింది. "మళ్ల కుట్టరాదు నాన్నా, ఆ దారంతోటే. ఎట్లుండెనో గట్ల."

"వద్దు బిడ్డా. ఇప్పుడు కుడితే ఇది సుత నకిలీదే అయితది" అన్నాను.

రూతు జెర్సీని లోపలికి తిప్పి, కిటికీ దగ్గర ఎండకు ఎత్తి పట్టుకుంది. అప్పుడు చూశాను. ఎన్ని నీళ్లలో పెట్టినా, ఎంత ఇస్త్రీ చేసినా, దబ్బనం దిగిన చోటు పూర్తిగా మూసుకోదు. ఆ సంగతి మిగతావాళ్లకు తెలియకపోయినా టైలరుకు తెలియాలి. ఇన్నేళ్లలో ఒక్కసారి లోపలికి తిప్పి ఎండకు పట్టి ఉంటే సరిపోయేది, అక్కడ కుట్లు ఉండేవనడానికి అదే సాక్ష్యం. నా రఫూకు అటూ ఇటూ, ఒకటి పైకి ఒకటి కిందికి, సూదిమొనంత వెలుగు చుక్కలు. అవి వంకరటింకరగా మా రూతు మోచేతి మీద, పాత గీరిన మచ్చల మీద పడి, అది చెయ్యి కదిపినప్పుడల్లా కదులుతున్నాయి.