మా వంటాయన చేసిన కట్టుడు పళ్ళు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. మా ఆయనకు కోపమంటే ఏమిటో తెలీదు. పందొమ్మిదేళ్ళు సైన్యంలో వంట చేశాడు. రోజూ నాలుగు వందల మందికి మూడు పూటలా వండి పెట్టి, ఒక్కనాడు కూడా ఎవరి మీదా గొంతు లేపకుండా బయటికొచ్చిన మనిషి. మెస్సులో ఆయన్ని అందరూ ‘గరిటె’ అనేవారు. అలా పిలిస్తే పలికేవాడు కూడా.

సైన్యం వదిలే ముందు వాళ్ళకొక వరం ఉంది. బయట బతకడానికి పనికొచ్చే కోర్సు ఏదైనా ఒకటి ఎంచుకోవచ్చు. ఏడాది ఫీజు వాళ్ళే కడతారు, ఆ ఏడాదీ ఇల్లు గడవడానికి భత్యమిస్తారు. కానీ ఒక్కసారే. ఆఖరి పరీక్షకు రెండు అవకాశాలు. రెండూ పోతే వరమూ పోయినట్టే, మళ్ళీ అడగడానికి లేదు. చాలామంది జాబితాలో మొదటి పేజీ చూసి, కాపలా పని దగ్గరో డ్రైవింగ్ దగ్గరో టిక్కు కొట్టి ఇంటికెళ్ళిపోతారు. ఆ ఆఫీసులో గుమాస్తా ఒకావిడ, ఆవిడ కడుపు చల్లగా ఉండాలి, మా ఆయన్ని కూచోబెట్టి పదకొండు పేజీలూ చదివించింది. తొమ్మిదో పేజీలో ఆయన వేలు ఆగిపోయింది. పళ్ళ ల్యాబులో పని. అంటే కట్టుడు పళ్ళు తయారుచేయడం.

ఇంటికొచ్చి చెప్పగానే నాకు ఒళ్ళు మండింది.

“హోటల్ కోర్సు ఉందిగా! చేతిలో విద్య పెట్టుకుని ఈ పళ్ళ గోలేమిటండీ?”

“వంట వచ్చు కదే నాకు. వచ్చినదానికి మళ్ళీ కోర్సెందుకు? ఇచ్చేది ఒక్కసారి. రానిదేదో నేర్చుకుంటాను.”

“నలభై రెండేళ్ళకా?”

“ముప్పై ఆరుకు టెన్త్ పాసవలేదూ?”

అదీ నిజమే. బ్యారక్‌లో సాయంత్రం బడి పెడితే నలుగురు చేరారు, ముగ్గురు మానేశారు. ఈయనొక్కడే ఉల్లిపాయల బుట్ట పక్కన లెక్కల పుస్తకం పెట్టుకుని చదివి గట్టెక్కాడు. ఆ సర్టిఫికెట్ లేకపోతే తొమ్మిదో పేజీలో ఏ కోర్సుకీ అర్హతే ఉండేది కాదు. అయినా నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదో రోజు ఆయనే అసలు సంగతి బయటపెట్టాడు.

“అత్తయ్య కంచం రోజూ సగం అలాగే తిరిగొస్తోంది. చూడలేకపోతున్నానే.”

వంటవాడికి తిరిగొచ్చిన కంచమంటే చెంపదెబ్బే. మా అమ్మ మాతోనే ఉంటుంది. ఆరేళ్ళ కిందట పళ్ళన్నీ తీయించుకుంది. అప్పుడు చేయించిన పళ్ళ సెట్టు తనకు పడటం లేదని డబ్బాలో పెట్టేసింది. ఏం పెట్టినా చిదిమి పెట్టాలి. ఒకప్పుడు మా వీధిలో మా అమ్మ నోటికి జడవని వాళ్ళు లేరు. పళ్ళతో పాటు ఆ మాటలూ పోయాయి. ‘ఊ’, ‘సరే’, ‘చాలు’, అంతే. వయసు మీద పడి నెమ్మదించిందిలే అనుకున్నాను. కన్నకూతుర్ని, నేను అంతకు మించి ఆలోచించలేదు. అల్లుడు ఆలోచించాడు. సిగ్గేసింది. నోరు మూసుకుని నేనే ఫారం నింపాను.

ఆ కోర్సు చెప్పేచోటు కళ్ళజోళ్ళ దుకాణం పైన, రెండో అంతస్తు. పొడుగాటి బల్లలు, బల్ల మీద చిన్న చిన్న మంటలు, మైనం వాసన, కిటికీ ఊచల మీద కూడా తెల్లటి దుమ్ము. క్లాసులో అందరూ మా ఆయన వయసులో సగం వాళ్ళు. మొదటిరోజు నోటి అచ్చులో పోయడానికి ప్లాస్టర్ కలపమన్నారట. ఒక అచ్చుకు నాలుగు గుప్పిళ్ళు చాలు. ఈయన తొట్టి ఎక్కడుందని అడిగాడు! బస్తాలో సగం గుమ్మరించి, నీళ్ళు పోసి, మోచేతుల దాకా పెట్టి కలిపేశాడు. పావుగంటలో తొట్టెడు ప్లాస్టరూ బండరాయైంది.

“ఎవరికండీ ఇన్ని పళ్ళు? ఊరంతటికా?” అందట పాఠం చెప్పే టీచరమ్మ.

“నాలుగు వందల మందికి అలవాటండీ,” అన్నాడట ఈయన, చేతులు కట్టుకుని.

ఇంకొకరైతే బయటికి పొమ్మనేవారు. ఈవిడ పడీపడీ నవ్వి, సుత్తి తెచ్చిచ్చి, తొట్టి ఈయనతోనే ఖాళీ చేయించి, మర్నాడు ఒక టీ కప్పు చేతికిచ్చింది. ఇక నుంచి ఇదే మీ తొట్టి అంది. ఆవిడ ఓర్పుకు నేను రుణపడి ఉన్నాను. నాకైతే అంత ఓర్పు లేదు.

కానీ ఒక దగ్గర మా ఆయన్ని మించినవాడు లేడు. చిగుళ్ళ భాగానికి గులాబీ రంగు పొడిని ఒక ద్రావకంతో ముద్దలా కలుపుతారు. అది ముందు ఇసుకలా ఉంటుంది, తర్వాత తీగ సాగుతుంది, తర్వాత పిండి ముద్దవుతుంది, ఆలస్యం చేస్తే రబ్బరైపోతుంది. ముద్దగా ఉన్న ఆ రెండు మూడు నిమిషాల్లోనే అచ్చులో దట్టించాలి. మిగతావాళ్ళు గడియారం చూసుకుంటుంటే ఈయన వేళ్ళతో ఒక్కసారి నొక్కి ‘ఇప్పుడు’ అనేవాడు. టీచరమ్మ అందర్నీ పిలిచి ఆ వేళ్ళు చూడమనేదట.

ఆ చేతులతోనే మొదటిసారి పరీక్ష తప్పాడు. ముద్ద కూరిన అచ్చును ఇత్తడి డబ్బాలో బిగించి నీళ్ళలో ఉడికించాలి, సన్నమంట మీద. మెస్సులో సన్నమంటన్న మాటే లేదు. గంట కొట్టేసరికి నాలుగు వందల మంది వరసలో నిలబడతారు. అలవాటుగా మంట పెంచేశాడు. డబ్బా విప్పి చూస్తే చిగుళ్ళ నిండా చీమ తలకాయలంత బుడగలు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి కూచున్నాడు. పందొమ్మిదేళ్ళ సేవకు ఇచ్చిన ఒకే ఒక్క వరం, అందులో సగం బుడగల్లో పోయింది. తిడదామని లేచినదాన్ని, మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి వచ్చాను.

మర్నాడు మా పొయ్యి మీద గిన్నె పెట్టాను. “రండి. నీళ్ళు డెబ్బై డిగ్రీల దగ్గర గంటన్నర నిలబెట్టండి. మరగనిచ్చారో, నేనూరుకోను,” అన్నాను. ఆయన థర్మామీటరు, నేను గడియారం పట్టుకుని కూచున్నాం. నెల రోజులు మా ఇంట్లో సాయంత్రాలన్నీ ఉత్త నీళ్ళు కాచడానికే సరిపోయాయి. నిదానమే ప్రధానమని నాలాంటిది ఇంకొకరికి నేర్పడమేమిటో!

రెండోసారి పరీక్షకు ఎవరి పేషెంటును వాళ్ళే తెచ్చుకోవాలి. బోసినోరు ఉండాలి. అల్లుడు తన నోరు చూడటమా అని మా అమ్మ నోటికి చెయ్యడ్డం పెట్టుకుని వద్దని తలూపేసింది. ఈయన డబ్బాలోంచి ఆ పాత సెట్టు తీసి ఆమె ఎదురుగా నేల మీద కూచున్నాడు.

“అత్తయ్యా, ఇది మిమ్మల్ని ఎక్కడ గుచ్చింది?”

“అంతటా.”

“మరి చేసినాయనకు చెప్పలేదా?”

“బాగుందన్నాను,” అంది అమ్మ. “పాపం కష్టపడి చేశాడు. ఏమనుకుంటాడో అని,” అంది.

తర్వాత ఏమనుకుందో, రేపు వస్తానంది. నోటి కొలతలు అక్కడి పళ్ళ డాక్టరమ్మ తీసింది, మిగతాదంతా మా ఆయన చేశాడు.

ఆఖరి రోజు, తలుపు బయట నేను మా అమ్మ చెవిలో నూరిపోశాను. “గుచ్చినా గుచ్చలేదను. ఇది తప్పితే ఇంకోసారి లేదమ్మా. ఆయన ఏడాదంతా నీ నోట్లో ఉంది.” అమ్మ ‘ఊ’ అంది.

పరీక్ష చేసేందుకు వచ్చిన పెద్దమనిషికి నవ్వడం ఎవరూ నేర్పినట్టు లేదు. సెట్టును వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి, బుడగలు లేవన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. అమ్మ నోట్లో అమర్చి, కొరకమని, మూయమని, “ఎలా ఉందమ్మా?” అన్నాడు. పెద్దమనిషి వెనకనించి నేను తల ఊపుతూనే ఉన్నాను. అమ్మ నన్ను చూసింది. అల్లుణ్ణి చూసింది.

“కింద, ఎడమ పక్క గుచ్చుతోంది, నాయనా.”

అయిపోయింది, ఏడాది నీళ్ళపాలు! మా ఆయన మాత్రం, కూరలో ఉప్పు తగ్గిందని ఎవరో చెప్పినంత మామూలుగా ముందుకొచ్చాడు. సెట్టు లోపల తెల్లటి పేస్టు పూసి మళ్ళీ పెట్టించాడు. ఒత్తిడి ఉన్నచోట పేస్టు చెరిగింది. అంతవరకే సన్నగా అరగదీశాడు. “ఇప్పుడో, అత్తయ్యా?” “ఇంకొంచెం.” మళ్ళీ పూశాడు, మళ్ళీ అరగదీశాడు, నునుపు చేశాడు. మూడోసారి పెట్టించగానే అమ్మ చెయ్యి చాచింది. బల్ల మీద పరీక్షకని కోసిపెట్టిన యాపిల్ ముక్క తీసుకుని కొరికింది. కరకర శబ్దం గదంతా వినిపించింది. అడక్కుండానే రెండో ముక్క తీసుకుంది.

పెద్దమనిషి కాగితం మీద పాస్ అని రాసి సంతకం పెట్టాడు. “ఇక్కడికొచ్చే పేషెంట్లందరూ వీళ్ళ చుట్టాలే. అందరూ బాగుందనే అంటారు. తప్పొస్తే ఎలా దిద్దుకుంటారో చూద్దామంటే నాకు ఎప్పుడూ కుదరదు. ఇవాళ కుదిరింది,” అన్నాడు. మా ఆయన మడమలు కలిపి ఆయనకు సెల్యూట్ కొట్టాడు.

మెట్లు దిగుతుంటే నేనుండబట్టలేక, “కొంప ముంచేదానివి కదమ్మా!” అన్నాను.

అమ్మ ఆగింది. “ఏమే, నీకు బుద్ధుందా? గుచ్చుతుంటే గుచ్చలేదనాలా? నేను బాగుందని ఇంటికి పోతే, రేపు అతను ఇంకో ముసలిదానికి ఇలాగే చేస్తాడు. అదీ బాగుందంటుంది, డబ్బాలో పెట్టేస్తుంది, నాలాగే మూల కూచుంటుంది. అంత మంచి చేతులు పెట్టుకుని అతను మనుషుల్ని మూల కూచోబెట్టాలా? చెప్పవే, మొద్దు మొహమా!”

మా ఆయన మెట్టు మీద అలాగే నిలబడిపోయాడు. ఆరేళ్ళలో మా అమ్మ నాతో ఇంత మాట మాట్లాడలేదు. ఒక్క అక్షరం కూడా జారలేదు. నాకు ఏడుపు ఆగలేదు. పదకొండు పేజీలూ చదివించిన ఆవిడకు, సుత్తి తెచ్చిచ్చిన టీచరమ్మకు, నవ్వని ఆ పెద్దమనిషికి, అందరికీ అక్కడే మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

“ఇంకా తిట్టవే అమ్మా,” అన్నాను.

తిట్టింది. బస్సు దిగేదాకా తిడుతూనే ఉంది.