ఉప్పు చూసిన పిల్ల

హనుమకొండ చౌరస్తా దగ్గరి ఆ ఇంటికి నేను కోడలిగా వచ్చేనాటికి నాకు పదహారేళ్లు. మామయ్యకు బజారులో కిరాణా దుకాణం ఉండేది. మా ఆయన సరుకు కోసం వారానికి నాలుగు రోజులు ఊళ్లు తిరుగుతూనే ఉండేవాడు. ఇంట్లో మిగిలేది అత్తమ్మ, మామయ్య, నేను.

అత్తమ్మ మడి చాలా గట్టిది. దేవుడికి నైవేద్యం పెట్టేదాకా వంటింట్లో ఏ గిన్నెలోదీ ఎవరి నోటా పడకూడదు. రుచి చూడటం మాట అటుంచి, గిన్నె మీదికి వంగి వాసన పీల్చినా ఎంగిలేననేది. శనివారం పులిహోర, చక్కెర పొంగలి చేసి, నైవేద్యం అయ్యాక మోదుగాకుల్లో పెట్టి చుట్టుపక్కల ఇళ్లకు పంపేది. నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. కూరగాయలు తరగడం, పప్పు చెరగడం, అంతవరకే నా పని.

ఆ ఇంటి వంటలో ఉప్పుకు ఒక లెక్క ఉండేది కాదు. ఒకరోజు పప్పు నోట్లో పెట్టలేనంత ఉప్పగా, మర్నాడు చారు పూర్తిగా చప్పగా. మామయ్య మాట్లాడకుండా తిని, చెయ్యి కడుక్కుని లేచేవాడు. ఆయన ఏమీ అనకపోవడం చూసి, వీళ్లకు ఇదే అలవాటేమో అనుకున్నాను. ప్రసాదం తీసుకున్న ఇరుగుపొరుగు వాళ్లూ ఏమీ అనేవారు కాదు. ప్రసాదానికి వంక పెట్టేవాళ్లు మా బజారులో లేరు.

ఒకసారి అత్తమ్మ మరిపెడలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లి రెండు రోజులు ఉండిపోయింది. ఆ రెండు రోజులూ వంట నాదే. మా అమ్మ నేర్పినట్టు బీరకాయ పప్పు చేశాను. మామయ్య మారు వడ్డించమన్నాడు. మళ్లీ అడిగాడు. నాకు గర్వంగా అనిపించి, అత్తమ్మ తిరిగి రాగానే ఆ మాట చెప్పాను. ఆమె నా మొహం వైపు కాసేపు చూసి, "మంచిగైంది బిడ్డా" అంది. ఆ సాయంత్రమంతా వంటింట్లోంచి బయటికి రాలేదు. నేను చెప్పకూడనిది ఏదో చెప్పానని తెలిసింది గాని, అదేమిటో తెలియలేదు.

ఆ ఎండాకాలమే వరంగల్ టాకీసుకు ఒక కొత్త సినిమా వచ్చింది. ఎడ్లబండికి రెండు పక్కలా బొమ్మలు కట్టి, డప్పు కొట్టుకుంటూ మా వీధిలో తిప్పారు. గుడిలో దేవుడికి వంట చేసే ఒక ముసలి వంటస్వామి కథ అని బండి మీది మనిషి అరిచి చెప్పాడు. అత్తమ్మ అప్పటిదాకా సినిమా మొహం చూడలేదు. దేవుడి వంటిల్లు చూపిస్తారన్న మాట ఒక్కటే ఆమెను కదిలించింది. ఆదివారం మధ్యాహ్నం ఆటకు మామయ్య జట్కా మాట్లాడాడు.

అది రేకుల కప్పు హాలు. మగవాళ్లకూ ఆడవాళ్లకూ మధ్య నల్లటి పరదా ఉండేది. దీపాలు ఆర్పాక పరదా పక్కకు లాగేవారు, దీపాలు వెలిగించే ముందు మళ్లీ మూసేవారు. ఆడవాళ్ల తలుపు దగ్గర ఒక ముసలి ముస్లిం ఆమె కూర్చుని టికెట్లు చింపేది. వచ్చిన వాళ్లందరూ ఆమెను పిన్నీ అన్నట్టు ఖాలా అని పిలిచేవారు.

మొదటి గంటంతా మా వైపు ఒకటే సందడి. తెర మీద వంటస్వామి చింతపండు పిసుకుతుంటే, పొంగలి కలియబెడుతుంటే, చూస్తున్న ఆడవాళ్లు ఊరుకోలేదు. "గరిటె గట్ల పడ్తరా" అని ఒకామె, "నెయ్యి ముందు పొయ్యాలె" అని ఇంకొకామె. అత్తమ్మ కూడా నా చెవి దగ్గరికి వంగి, "మెతుకు మెత్తగైంది, పులిహోరకు గది పనికిరాదు" అంది. ఆమె నాతో అంత దగ్గరగా వంగి మాట్లాడటం అదే మొదలు.

తరువాత కథ మలుపు తిరిగింది. వంటస్వామికి ముసలితనంతో నాలుక మొద్దుబారింది. ఉప్పు తెలియదు, పులుపు తెలియదు. చెప్తే గుడి పని పోతుంది. ఆయనకున్నది తల్లిలేని మనవరాలు ఒక్కతే. ఎనిమిదేళ్ల ఆ పిల్లకు తాత భయం అర్థమైంది. ఎవరూ చూడకుండా గర్భగుడికి పోవలసిన పొంగలి వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. తాత వైపు చూసి, ఇంకొంచెం వెయ్యమని తల ఊపింది.

మగవాళ్ల వైపు నుంచి ఒక కేక లేచింది. "దేవునికి ఎంగిలి పెడ్తాన్రా" అని ఎవరో అరిచారు. బెంచీలు జరిగిన చప్పుడు, ఈలలు. తెర మీది బొమ్మ ఆగిపోయింది. పరదా మూసి దీపాలు వెలిగించారు. మాకు ఏమీ కనబడటం లేదు, మాటలు మాత్రం వినబడుతున్నాయి. ఆపమని కొందరు, నడిపించమని కొందరు. మేనేజరు ఉర్దూలోనూ తెలుగులోనూ అందరినీ బతిమాలుతున్నాడు. మా వైపు కూడా ఇద్దరు ముగ్గురు చెంపలు వేసుకుని లేచి వెళ్లిపోయారు.

ఖాలా మా వరుస దగ్గరికి వచ్చి, "అమ్మా, మీ సేటు బైటికి రమ్మంటాండు, బండి తయ్యారున్నది" అంది.

నేను లేచాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "జర ఆగుమను. ఆ పొల్ల ఏమైతదో చూసి వస్త."

ఖాలా వెంటనే వెళ్లలేదు. అత్తమ్మ మొహం చూసి పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది. "రంజాన్ నెల రోజాలు, ఉపాసాలు ఉండంగ మేం గుడ ఉప్పు చూస్తమమ్మా. నాలిక కొసకు పెట్టి ఉమ్మేస్తం. ఇంట్ల వాళ్లు మంచిగ తినాల్నని గద. అల్లాకు ఎరుకే" అని మెల్లగా చెప్పి, మామయ్యకు కబురు చెప్పడానికి వెళ్లింది.

అత్తమ్మ ఆమె వెళ్లిన వైపే చూసింది. నా చెయ్యి మాత్రం వదలలేదు.

కాసేపటికి సగం మంది వెళ్లిపోయాక సినిమా మళ్లీ నడిచింది. పిల్ల దొరికిపోయింది. తాత గర్భగుడి ముందు నిలబడి, తప్పు నా నాలుకది, పిల్లది కాదు అని దేవుడికి చెప్పుకున్నాడు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు అప్పుడు అర్థమైంది. ఒకరోజు ఉప్పగా, ఒకరోజు చప్పగా ఉండే ఆ వంట, బీరకాయ పప్పు సంగతి చెప్పినప్పుడు ఆమె చూసిన చూపు, అన్నీ ఒక్కసారిగా ఒకచోటికి చేరాయి. ఆ చీకట్లో ఆమె వైపు తిరిగి చూసే ధైర్యం మాత్రం నాకు లేకపోయింది.

బయట మామయ్య జట్కాలో కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ఆయన కోపంగా లేడు, కోపంగా ఉన్నవాళ్ల మధ్య నుంచి వచ్చినవాడిలా ఉన్నాడు. 

మర్నాడు పొద్దున్నే బజారు పెద్దలు నలుగురు వచ్చి మామయ్యను పిలిచారు. అందరూ కలిసి వెళ్లి సినిమా ఆపమని మేనేజరును అడగాలన్నారు. మామయ్య చొక్కా తొడుక్కుంటుంటే అత్తమ్మ వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడింది. నేను పెరట్లో బియ్యం కడుగుతున్నాను. నన్ను వెళ్లమనలేదు.

"మీరు పోకముందు ఒక మాట. నాకు ఉప్పు తెల్వక ఏడాదైతాంది" అంది. "పోయిన వానకాలం జరమొచ్చి తగ్గిన సంది నాలికకు ఏం తెల్వదు. దేవునికి ఏం పెడ్తాన్నో నాకే తెల్వకుంట పెడ్తాన."

మామయ్య చొక్కా గుండీ పెట్టుకోవడం ఆపాడు. "నాకెరుకే" అన్నాడు.

"ఎరుకుండి ఎట్ల తిన్నరు?"

"తింటే ఏమైంది. చెప్తే నువ్వు పొయ్యి దగ్గరికి పోవుడే బంద్ చేస్తవ్. గది లేకుంటే నువ్వు ఎట్లుంటవని చెప్పలే."

అత్తమ్మ గడప మీద కూర్చుండిపోయింది.  ఆమెను ముట్టుకుంటే మడి పోతుందని మామయ్యకు తెలుసు. పక్కనే పీట వేసుకుని, జానెడు దూరంలో కూర్చున్నాడు. బయట పెద్దలు రెండుసార్లు పిలిచారు. మూడోసారి పిలిచాక లేచి వెళ్లాడు.

మధ్యాహ్నం తిరిగి వచ్చి సంగతి చెప్పాడు. సినిమా మొత్తం ఆపవద్దని ఆయన అన్నాడట. వెంట వచ్చినవాళ్లు ఒప్పుకోలేదట. చివరికి పిల్ల రుచి చూసే ముక్క తీసేసి ఆడించడానికి మేనేజరు ఒప్పుకున్నాడట.

"గా ముక్క తీసేస్తే ఇగ ఏం సమజైతది" అని అత్తమ్మ నిట్టూర్చింది.

నిజంగానే ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆ వారం సినిమాకు వెళ్లిన ఆడవాళ్లు, పిల్ల ఏం తప్పు చేసిందో, తాత ఎందుకు ఏడ్చాడో తెలియక ఖాలాను అడిగారు. ఆమె, "చౌరస్తా కాడ కిరాణా సేటు ఇంట్ల పెద్దమ్మ చూసింది, గామెను అడుగుండ్రి" అని పంపింది. మధ్యాహ్నాలు మా ఇంటి అరుగు మీద ఆడవాళ్లు చేరడం మొదలైంది. కొత్తవాడ నుంచి జంపఖానాలు నేసే ఇళ్ల ఆడవాళ్లు కూడా ఒకరోజు వచ్చారు. అత్తమ్మ మొదట సిగ్గుపడింది. తరువాత వేలు ఎత్తి, నాలుకకు తగిలించకుండా గాలిలోనే చూపిస్తూ చెప్పేది. సినిమాలో ఆ పిల్ల ఒక్క మాటా మాట్లాడలేదు. అత్తమ్మ చెప్పేటప్పుడు మాత్రం, "తాతా, నీకేం ఫికర్ లేదు, నేనున్న" అనేది. ఆ మాట సినిమాలో లేదని నేను ఎవరికీ చెప్పలేదు.

శనివారం వచ్చింది. ఉతికిన మడిచీర నా చేతికిచ్చి స్నానం చేసి రమ్మంది. వంటింట్లోకి వెళ్లేసరికి పులిహోర పులుసు ఉడుకుతోంది.

"నన్ను ఉప్పు చూడమంటరా అత్తమ్మా?" అని అడిగాను.

"వద్దు. దేవునికి పెట్టకముందు నోట్లె పెట్టుడు నాతోని కాదు, నీతోని చేయించ. ఆ పొల్ల మీద నాకు కోపం లేదు. అయినా గది నాకు చేతకాదు" అంది. ఉప్పు జాడీ నా వైపు జరిపింది. "నీ చెయ్యి కుదురున్నది. నువ్వే వెయ్యి."

గుప్పిట్లోకి ఉప్పు తీసుకుని, కంటితోనే లెక్క చూసుకుని వేశాను. వేసిన ఉప్పు సరిపోయిందో లేదో నైవేద్యం అయ్యేదాకా ఇద్దరికీ తెలియదు. మామయ్య మొదటి ముద్ద తిని తల ఊపాడు. అత్తమ్మ ఆయనను అడగలేదు, నన్ను అడిగింది. "ఎట్లున్నది, చెప్పు."

పులుపు ముందు తగిలి, ఉప్పు వెనక వస్తుందని, ఆవపొడి ముక్కుకెక్కుతుందని చెప్పాను. ఆమె తన విస్తట్లో ఉన్నది తింటూ, కళ్లు మూసుకుని విన్నది. ఆ తరువాత ప్రతి పూటా అడిగేది. నేను చెప్పేదాన్ని. మా ఇద్దరి మధ్య మాటలు అలా పెరిగాయి. ముందు వంటల గురించి, తరువాత ఆమె చిన్ననాటి గురించి, పోగొట్టుకున్న ఇద్దరు పిల్లల గురించి.

రెండేళ్ల తరువాత ఒకరోజు పెరట్లో చింతచిగురు ఏరుతూ, అలవాటుగా రెండు ఆకులు నోట్లో వేసుకుంది. నమలడం ఆపి నన్ను పిలిచింది.

"పులుపు తెలుస్తాంది బిడ్డా. పులుపు ఒక్కటే. చాలు తియ్."

ఆ పూట చింతచిగురు పప్పు ఆమే చేసింది. నలుగురం కూర్చున్నాం. మా ఆయన కూడా ఊళ్లోనే ఉన్నాడు. పప్పు మరీ పుల్లగా ఉంది. ఎవరమూ ఏమీ అనకుండా, మారు వడ్డించుకుని తిన్నాం.