మా మేనత్త చెవుడు

నా చిన్నప్పుడు మా నార్సింగి నుంచి పట్నం బస్సెక్కడమంటే ఇంట్లో అందరికీ సంబరం, నాకు మాత్రం గుండెల్లో రాయి పడేది. పోలియో వచ్చి కాళ్ళు చచ్చుబడిన నేను చంకకర్రల మీద నడిచేదాన్ని. ఎవరో ఒకరు నన్ను ఎత్తి సీట్లో కూర్చోబెట్టేవారు. కండక్టరు నా కర్రల్ని సీతాఫలాల గంపలతో పాటు బస్సు పైకి ఎక్కించేవాడు. "పిల్ల ఏడ దిగుతది?" అని నా పక్కవాళ్ళనే అడిగేవాడు. గంపల్ని ఎవరైనా పలకరిస్తారా!

ఒకసారి మేం దిగీ దిగగానే బస్సు కదిలిపోయింది, కర్రలు పైనే ఉండిపోయాయి. నాన్న ఎంత తిరిగినా దొరకలేదు. ఆ వానాకాలమంతా గడప దగ్గరే కూర్చున్నాను. బడికెళ్ళే పిల్లలు మొదట్లో ఆగి మాట్లాడేవారు, తరవాత చెయ్యి ఊపి వెళ్ళేవారు, ఆ తరవాత అదీ లేదు. ఒంటరితనమంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది.

వడ్రంగి కొత్త కర్రలు చేసిచ్చాక మా మేనత్త నన్ను పట్నం దవాఖానకు బయలుదేరదీసింది. బస్సు ఆగగానే కండక్టరు ఆమె వైపు చెయ్యి చాపాడు.

"అమ్మా, ఆ కర్రలియ్యి, పైనేస్త."

పక్క వీధిలో గుసగుసలాడినా పట్టేసే మా అత్త, ఆకాశం చూస్తూ నిలబడింది. అతను గొంతు పెంచాడు. అత్త తన చెవి చూపించి, తల అడ్డంగా ఊపి, వేలు నా వైపు తిప్పింది.

అతను మొదటిసారి నా ముఖం చూశాడు. అతని చెయ్యి కర్ర మీద పడేసరికి ఆ గడప గుర్తొచ్చింది.

"పైన వద్దు! నా తాన్నే ఉండాలె!" అని అరిచాను. బస్సంతా తిరిగి చూసింది.

"గంత లొల్లెందుకు బిడ్డా, జర ముందుగాల్నే చెప్పరాదు!" అంటూ అతను కర్రల్ని నా సీటు పక్కన ఆనించాడు. "ఏడ దిగుతవ్ మరి?" అని నన్నే అడిగాడు.

దారి పొడవునా అత్త చెవిటిదిగానే ఉంది. నేను పిలిచినా పలకలేదు. అంత మందిలో ఒక్కదాన్నే అనిపించి కళ్ళ నీళ్ళు తిరిగాయి. దిగాక, ఎందుకట్లా చేశావని కోపంగా అడిగితే, నా జడ సర్దుతూ "ఎప్పటికీ నీ ఎంబడి ఉంటనా బిడ్డా?" అంది.

ఉండలేదు. మా నార్సింగి పొలాల్లో ఇప్పుడు అద్దాల మేడలు లేచాయి. నేను చక్రాల కుర్చీలో ఒక్కదాన్నే తిరుగుతున్నాను. కారు ఆపిన డ్రైవరు, కుర్చీ ఎక్కడ పెట్టాలో అడగడానికి నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూస్తాడు. నేనూ ఒకసారి అటే తిరిగి చూసుకుంటాను. ఎవరూ ఉండరు.

"నన్నడుగు నాయనా, చెబుతా" అంటాను.